దగ్గు లేని గొంతు

తాతయ్య చేలోకి కూలీలను అడుగు పెట్టనివ్వక అది మూడో రోజు.

ఆరు సాళ్లే మిగిలాయి. మిగతా చేనంతా కోసి కల్లంలో ఎండబోశాము. ఈ ఆరు సాళ్ల మిరపకాయ మాత్రం చెట్టుమీదే పండి, ముడతలు పడి, తొడిమల దగ్గర నల్లబడుతోంది. చిలకలూరిపేట వైపు మబ్బు లేస్తోంది. తాతయ్య సాళ్లకు అడ్డంగా నులకమంచం వేసుకుని, నా పాత ఫోను తువ్వాలులో చుట్టి చెవి దగ్గర పెట్టుకుని పడుకున్నాడు.

ఆటో దిగిన పదిమంది ఆడవాళ్లు బుట్టలతో గట్టు మీద నిలబడ్డారు.

“పిచ్చయ్య బాబాయ్, మంచం కాస్త జరిపావంటే నీ కింద కాయన్నా కోసుకుంటాం,” అంది ఒకామె. మిగతావాళ్లు నవ్వారు. తాతయ్య కళ్లు తెరవలేదు.

“నాన్నా, లే,” అన్నాడు మా నాన్న యలమంద. “వాన పడిందంటే రంగు పోయిన తాలు కింద కూడా ఎవడూ కొనడు.”

“కొనకపోతే కొనకపోనీరా.”

“కొనకపోనీ అంటే? ఏడాదంతా ఈ చేలో రెక్కలు ముక్కలు చేసుకుంది ఎవరు?”

“మీ అమ్మ.”

నాయనమ్మ పోయి పదకొండు నెలలు. ఈ ఏటి చేనులో ఆమె చెయ్యి పడలేదని అందరికీ తెలుసు. ఆ మాట తాతయ్యతో అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

“వస్తానంది కదరా. కోత ముగిసేలోగా మళ్లీ వస్తానంది. నువ్వూ విన్నావు.”

“అది అమ్మ కాదు నాన్నా. అది యాప్.”

“గొంతు ఎవరిది?”

“గొంతు అమ్మదే, కానీ...”

“మరి?”

నాన్న గట్టు మీదున్న నా వైపు తిరిగి చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆడవాళ్లు మళ్లీ ఆటో ఎక్కారు. పోతూ పోతూ ఒకామె, “ఆ పిల్లేనంట పాట చేసింది. చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటుంది,” అంది. నేను తల వంచుకుని నా కాలి గోళ్ల కింద ఉన్న మట్టి చూసుకున్నాను.

*

మధ్యాహ్నం అన్నం క్యారియరు పట్టుకుని వెళ్లాను. పొద్దుటి ఇడ్లీలు అలాగే ఉన్నాయి. చీమలు పట్టాయి.

“తిను తాతయ్యా.”

“మీ నాయనమ్మ వచ్చాక తింటాలే.”

నేను క్యారియరు మంచం కోడు పక్కన పెట్టాను. తాతయ్య తువ్వాలు విప్పి ఫోను నా చేతికిచ్చాడు. ఆయనకు పాట మొదలుపెట్టడం రాదు. అయిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు నొక్కాలి. ఎవరూ లేకపోతే, దారిన పోయేవాళ్లను పిలుస్తాడు.

నొక్కాను.

*ఎర్రచీరా కట్టిందమ్మా మిరపా చేనూ, ఎవరి ఇంటికి పోతుందో చెప్పండమ్మా...*

నాయనమ్మ గొంతే. పున్నమ్మ పాటంటే మా చుట్టుపక్కల నాలుగూళ్లకు తెలుసు. వెనకాల వయొలిన్లు మోగుతుంటే, అడుగు తడబడకుండా, నున్నగా, వయసులో ఉన్నప్పుడు పాడినట్టు పాడుతోంది.

“విన్నావా అమ్మాయ్,” అన్నాడు తాతయ్య మెల్లగా. “దగ్గు తగ్గింది.”



“ముప్పై ఏళ్లు ఆ దగ్గు విన్నాను. మిరప కోరు, ఆ ఘాటు, లోపలికి పోయి పట్టుకుంది, ఎన్ని మందులేసినా పోలా. ఇప్పుడు చూడు. ఒక్కసారన్నా దగ్గిందా? అక్కడ గాలి మంచిదనుకుంటా.”

ఆయన ముఖంలో సంతోషం ఉంది. పదకొండు నెలల తర్వాత మొదటిసారి ఉంది. దాన్ని చూస్తే నాకు భయమేసింది.

ఏం జరిగిందో నా ఒక్కదానికే పూర్తిగా తెలుసు. పోయిన ఏడు నాయనమ్మ వసారాలో పడుకుని పాడుతుంటే అమ్మ తన ఫోనులో రికార్డు చేసింది. నలభై సెకన్లు. అందులో పాట కంటే దగ్గు ఎక్కువ. ఈ ఏడు కోతలు పాట లేకుండా మొదలయ్యాయి. తాతయ్య ఎవరితోనూ మాట్లాడకుండా కల్లం చుట్టూ తిరుగుతుంటే చూడలేక, ఆ రికార్డు పాటల యాప్‌లో పెట్టాను. గొంతు శుభ్రం చెయ్యమంటారా అని అడిగింది. అవును అని నొక్కాను. పాట ఇంకా ఉన్నట్టుంది, పూర్తి చెయ్యమంటారా అని అడిగింది. దానికీ అవును అని నొక్కాను.

అంతే నేను చేసింది. రెండు అవునులు. మిగతాదంతా అదే చేసింది.

శుభ్రం చెయ్యడమంటే దగ్గు తీసెయ్యడమని నాకు తెలియదు. పూర్తి చెయ్యడమంటే ఏమిటో అసలే ఆలోచించలేదు. ఆ పాటకు చివర ఉన్నది మా ఇంట్లో ఎవరూ వినలేదు. నాయనమ్మ ప్రశ్న అడిగేది, ఆమెతో కోతకు వచ్చే జానీబీ మామ్మ జవాబు అందుకునేది. ఆఖరి జవాబు కోత చివరి చెట్టు దగ్గర మాత్రమే. అప్పటికి మిగతా ఆడవాళ్లు బుట్టలెత్తుకుని గట్టెక్కేసేవాళ్లు. చెట్టు దగ్గర ఆ ఇద్దరే మిగిలేవాళ్లు. నలభై ఏళ్లుగా ఆ ఒక్క జవాబు వినపడక, గట్టు మీద నిలబడి చూడటమే తాతయ్యకు.

*పోయేదాన్ని ఆపేదెవరూ పొద్దూ వాలే, కొంగూ పట్టీ అడిగేదెవరూ చెప్పండమ్మా...*

ఫోనులో నాయనమ్మ అడిగింది. ఊపిరి కూడా తీసుకోకుండా తనే జవాబు చెప్పుకుంది.

*వస్తానమ్మా, వస్తానమ్మా, కోతా ముగిసేలోగా మళ్లీ వస్తానమ్మా...*

“ఇదన్నమాట,” అన్నాడు తాతయ్య. “ఇన్నేళ్లూ వీళ్లిద్దరూ నా దగ్గర దాచింది ఇదన్నమాట.”

ఫోను మళ్లీ తువ్వాలులో చుట్టుకున్నాడు.

“ఆ ఆరు సాళ్లు ఉంటేనే కదమ్మా, కోత ముగియనట్టు.”

*

ఇంటికొచ్చేసరికి అమ్మ వసారాలో కూర్చుని కాయల్లో తాలు ఏరుతోంది. నా చేతిలో క్యారియరు బరువు చూసి అర్థం చేసుకుంది.

“తినలేదా?”

తల అడ్డంగా ఊపాను.

“నోటితో చెప్పవే. అన్నీ ఆ డైరీకే చెప్తావు. ఇంట్లో మనుషులకు చెప్పడానికి ఏం రోగం?”

నాన్న లోపలి నుంచి అరిచాడు. “ఆ ఫోను లాక్కుని నాలుగు ముక్కలు చేస్తే సరి, లక్ష్మీదుర్గా. అన్నీ సర్దుకుంటాయి.”

“చెయ్యండి. వెళ్లి చెయ్యండి. మీ అమ్మను రెండోసారి చంపావురా అంటాడు మీ నాన్న. ఆ మాట పడటానికి సిద్ధమేనా?”

నాన్న గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

“పైగా బంధువుల గ్రూపులో పెట్టిందెవరు?” అంది అమ్మ, చేతిలో కాయ చూస్తూనే. “మా అమ్మాయి చేసింది, మా అమ్మ పాడింది అని. పిల్ల చేసిందేమో చేసింది. మీరు ఊరంతా పంచారు.”

“బాగుందనే కదా పెట్టాను.”

“బాగుంది. అదే వచ్చిన తంటా.”

అమ్మ చాలాసేపు కాయలు ఏరింది. ఆఖరికి నా వైపు చూడకుండానే అంది.

“జానీబీ అత్త మూడు వారాలుగా మన గడప తొక్కలేదు. గమనించావా?”

గమనించాను. డైరీలో రాసుకున్నాను కూడా. ఎందుకని మాత్రం ఎవరినీ అడగలేదు.

*

జానీబీ మామ్మ ఇంట్లో దూది గది మధ్యలో కొండలా పోసి ఉంది. మామ్మ భర్త మాబు సాహెబ్ తాత ఉన్నప్పటి నుంచీ వాళ్లది పరుపులు, దిళ్లు కుట్టే పని. ఆ గదిలో ఏ చప్పుడైనా దూదిలోకి ఇంకిపోతుంది. గుమ్మంలో నిలబడి నేను వేసిన దగ్గు కూడా నాకే సరిగ్గా వినపడలేదు.

“రా. ఇప్పుడు గుర్తొచ్చానా?” అంది మామ్మ, దిండు గలీబులోకి దూది కూరుతూ.

నేను డైరీలోంచి చింపి తెచ్చిన కాగితం ఇచ్చాను. అడగాల్సింది దాంట్లో రాసుకొచ్చాను.

మామ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ నాకే ఇచ్చేసింది.

“నాకు చదువొస్తే దూదెందుకు కూరతాను? నోటితో అడుగు.”

కాగితాన్ని మడత పెట్టాను.

“చివరి జవాబు... ఏంటి మామ్మా?”

“ఎందుకు? ఆ పెట్టెలో వెయ్యడానికా?”

మడత మీద ఇంకో మడత పెట్టాను.

“మా కోడలు నజ్మీన్ ఫోనులో వినిపించింది. అత్తా, పున్నమ్మ పెద్దమ్మ పాడుతోంది చూడు అని. చూశాను. పున్నమ్మ వదిన అడిగింది. నేను నోరు తెరిచాను. తెరిచేలోపే నా ముక్క కూడా ఆమె చేతే పాడించేశావు.”

*కోసినోళ్ల ఇంటికి కాదు, కొన్నోళ్ల ఇంటికి పోతుందమ్మా.* మొదటి జవాబు. అది చేలో అందరికీ తెలుసు. రెండు అవునులే కాదు, పాట సగం సగంగా ఉంటే బాగుండదని ఈ ముక్క కూడా నేనే టైపు చేశాను. ఎవరి గొంతుతో పాడాలో చెప్పలేదు. దాని దగ్గర ఒకే గొంతుంది.

“తప్పు పాడలేదు. నాకంటే బాగా పాడింది,” అంది మామ్మ. “అది కాదు నా బాధ. మీ నాయనమ్మ అడిగాక ఎంతసేపు ఆగేదో తెలుసా నీకు? నేను కాయ తుంచి, బుట్టలో వేసి, నడుం ఎత్తి, ఊపిరి పీల్చుకునేదాకా. ఒక్కోసారి నాకు ఆలస్యమైతే దగ్గుతూ ఆగేది. ఆ ఆగడం నాకోసం. నీ పెట్టె ఎవరికోసం ఆగుద్ది?”

దిండు మూతి మూసి సూది గుచ్చింది. దారం లాగిన చప్పుడు మాత్రం వినిపించింది.

“తాతయ్య తినడం లేదు మామ్మా. కోత ముగిసేలోగా వస్తుందంట. సాళ్లు కొయ్యనివ్వడం లేదు.”

సూది ఆగింది.

“ఎవరు వస్తానంది?”

“చివర్లో... యాప్ రాసింది. వస్తానమ్మా అని.”

మామ్మ దిండు పక్కన పెట్టి నా ముఖం చూసింది. పాట ఆమె చివరిదాకా వినలేదని అప్పుడు అర్థమైంది. తన ముక్క దగ్గరే ఆపించేసి ఉంటుంది.

“వస్తానని ఎన్నడూ అనలేదు,” అంది. గొంతు తగ్గించి. “ఆ పాటలో ఎవరూ వస్తాననరు.”

“మరి ఏమంటారు?”

“అది ఇంట్లో చెప్పేది కాదు. చివరి చెట్టు దగ్గర చెప్పేది. మా అత్త నాకు అట్లాగే ఇచ్చింది, నేను అట్లాగే ఇస్తాను.”

“తాతయ్య చివరి చెట్టు కొయ్యనివ్వడు కదా.”

“నువ్వు కుట్టిన కుట్టే కదమ్మా. నువ్వే విప్పు,” అంది మామ్మ. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి మళ్లీ అంది. “పిలిస్తే వస్తాను. పిలవాల్సింది నువ్వు కాదు.”

*

అమ్మ ఫోను తీసుకుని కల్లం పక్క చావిట్లో కూర్చున్నాను. అసలు రికార్డు నలభై సెకన్లూ మళ్లీ విన్నాను. ఈసారి పాట వినలేదు. పాటలో ఏమేం ఉన్నాయో విన్నాను.

మొదట దగ్గు. తర్వాత నులక కిర్రుమన్న చప్పుడు. తర్వాత ప్రశ్న. తర్వాత ఏమీ లేదు. లెక్కపెట్టాను, తొమ్మిది సెకన్లు ఏమీ లేదు. చేనుకు దూరంగా మంచంలో పడుకుని కూడా నాయనమ్మ జానీబీ మామ్మ కోసం ఆగింది. ఆ తొమ్మిది సెకన్లనే యాప్ చెత్త అనుకుని ఊడ్చేసింది.

ఏం చెయ్యాలో అప్పుడు తెలిసింది. పాట తీసెయ్యకూడదు. తీసేస్తే తాతయ్యకు వస్తానన్న మాటే మిగులుతుంది. దాన్ని మళ్లీ చెయ్యాలి. ఈసారి నేను చెయ్యాలి.

మొదట యాప్‌తో చెప్పాను. నాయనమ్మ గొంతు నీది కాదు. నువ్వు పాడొద్దు. వెనకాల దూరపు సాళ్లలో ఆడవాళ్లు కూనిరాగం తీసినట్టు మాత్రం ఉండు.

వేణువుతో వచ్చింది.

“టీవీ సీరియల్లో ఎవరో పోయినట్టుంది,” అంది అమ్మ. తాలు బుట్ట పట్టుకుని ఎప్పుడు వచ్చి కూర్చుందో నేను చూడలేదు.

వేణువు వద్దన్నాను. డప్పులు వచ్చాయి. డప్పులు వద్దన్నాను. వయొలిన్లు మళ్లీ వచ్చాయి, వద్దన్నది మర్చిపోయినట్టు. నేను లేచి కల్లంలోకి వెళ్లి, పాట లోలోపల అనుకుంటూ రాశిలోంచి కాయలు తీసి బుట్టలో వేశాను. ఒక చరణానికి ఐదు కాయలు. నాయనమ్మ పాట వేగం ఆమె వేళ్లదని అంతకుముందు నాకు తెలియదు. అదే లెక్క యాప్‌కు చెప్పాను. వాయిద్యాలు ఏవీ వద్దు, ఎండుకాయ బుట్టలో పడే చప్పుడు చాలు అన్నాను.

పదకొండోసారికి దగ్గరకొచ్చింది. అమ్మ చెయ్యి బుట్టలో ఆగిపోయింది.

“ఇది మన చేనే,” అంది.

కానీ ప్రశ్న తర్వాత ఖాళీ ఉంచమంటే ఉంచడం లేదు. ఆ తొమ్మిది సెకన్లలో ప్రతిసారీ ఓ... అని తియ్యగా ఏదో ఒకటి నింపుతోంది. ఖాళీ వదలమని నాలుగు రకాలుగా రాశాను. నాలుగుసార్లూ నింపింది. ఎవరూ లేనిచోట ఎవరో ఉన్నట్టు.

ఆఖరికి దాన్ని అడగడం మానేశాను. అది ఇచ్చిందాన్ని నేనే ముక్కలు కోసి, ఆ నింపిందంతా తీసేసి, నాయనమ్మ రికార్డును దానిమీద పరిచాను. మంచం కిర్రుమనడంతో సహా.

“దగ్గు కూడా పెడుతున్నావా?” అంది అమ్మ.

“ఊ.”

“ఆయన ఆ దగ్గు తగ్గిందనే కదే బతుకుతోంది.”

నేను అమ్మ వైపు చూశాను. దగ్గు తీసేస్తే నాయనమ్మ బాగుంది, కానీ నాయనమ్మ కాదు. పెడితే నాయనమ్మే, కానీ మళ్లీ జబ్బుతో ఉంది. ఈ మాట డైరీలో అయితే సులభంగా రాసేదాన్ని. నోటితో అనలేకపోయాను.

అమ్మ లేచి బుట్ట చంకన పెట్టుకుంది.

“నీ పాట. నీ ఇష్టం,” అంది. పోతూ తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

గొంతు శుభ్రం చెయ్యమంటారా, అడిగింది యాప్.

వద్దు.

పాట పూర్తి చెయ్యమంటారా?

వద్దు.

*

నాలుగింటికి చేలోకి వెళ్లాను. మబ్బు ఊరి మీదికి వచ్చేసింది. గాలికి తాతయ్య మంచానికి కట్టిన గొడుగు పక్కకు ఒరిగిపోయింది. నాన్న కొంచెం దూరంలో గట్టు మీద గొంతుక్కూర్చుని ఆకాశం చూస్తున్నాడు.

“తాతయ్యా, ఇది విను.”

“అదే కదా.”

“కాదు.”

నొక్కాను. బుట్టలో కాయలు పడుతున్నాయి. దూరంగా ఆడవాళ్లు. తర్వాత దగ్గు.

తాతయ్య లేచి కూర్చున్నాడు.

దగ్గు తెర మీద తెరగా వచ్చింది. ఆయన చెయ్యి పక్కనున్న నీళ్ల సీసా మీదికి వెళ్లి, అక్కడే ఆగింది. నేను చూడలేక తల తిప్పుకున్నాను. పాట ఆపేద్దామని వేలు కూడా పెట్టాను. కానీ ఆపలేదు.

*...ఎవరి ఇంటికి పోతుందో చెప్పండమ్మా?*

తర్వాత ఏమీ లేదు.

ఒకటి, రెండు, మూడు. చేలో గాలి మాత్రం వినిపిస్తోంది. నాన్న ఇటు తిరిగాడు. ఆరు, ఏడు. తాతయ్య ముందుకు వంగాడు. తొమ్మిది.

*పోయేదాన్ని ఆపేదెవరూ...*

మళ్లీ ప్రశ్న. మళ్లీ ఖాళీ. ఆ తర్వాత మరి ఏమీ రాలేదు. పాట అయిపోయింది.

“ఎవరూ అందుకోరేం?” అన్నాడు తాతయ్య.

తాతయ్య రోడ్డు వైపు చూశాడు.

“జానీబీ ఏది? జానీబీ ఎందుకు అందుకోలేదు?”

“రావడం లేదు తాతయ్యా. మూడు వారాలుగా.”

“అయితే అక్కడ ఒక్కతే అడుగుతోందా?” ఆయన నాన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు. “దగ్గుకుంటూ, ఒక్కతే అడిగి, ఎవరూ పలక్కపోతే...”

కాళ్లు కింద పెట్టి, తువ్వాలు విదిలించి భుజాన వేసుకున్నాడు. పాత ఫోను నా చేతిలో పెట్టాడు.

“దాంట్లో ఉన్నది తీసెయ్. అది తనే అడిగి తనే చెప్పుకుంటోంది. పున్నమ్మ అట్లా చేసే మనిషి కాదు.” తర్వాత గొంతెత్తాడు, మూడు రోజుల్లో మొదటిసారి. “ఒరేయ్ యలమందా, చూస్తావేందిరా? మంచం తియ్. జానీబీని నేను రమ్మన్నానని చెప్పు. నేనే పిలిచానని చెప్పు.”

నాన్న మోటారు సైకిలు వైపు పరిగెత్తాడు.

పాత పాట తీసేశాను. నిజంగా తీసెయ్యమంటారా అని అడిగింది. అవును అని నొక్కాను. ఈ అవును నాది.

*

కూలీలు దొరకలేదు. మేము ఐదుగురమే కోశాము. అమ్మ, నాన్న, తాతయ్య, జానీబీ మామ్మ, నేను. మామ్మ వచ్చినప్పుడు తాతయ్య ఒకే మాటన్నాడు. “ఆలస్యం చేశావమ్మా.” మామ్మ కూడా ఒకే మాటంది. “పిలవడానికి నీకు ఇన్నాళ్లు పట్టిందన్నా.”

ఎవరూ పాడలేదు. ఎండిన ఆకుల చప్పుడు, బుట్టల చప్పుడు. కాయ పండిపోవడంతో తుంచినప్పుడల్లా కోరు లేచి కళ్లు మండుతున్నాయి. అమ్మ కొంగు ముక్కుకు చుట్టుకుంది. ఆకాశం దగ్గరకు దిగిపోయింది కానీ ఇంకా చినుకు పడలేదు.

ఆరో సాలు చివరికి వచ్చేసరికి నాన్న, అమ్మ బుట్టలెత్తుకుని గట్టెక్కారు. అది పద్ధతి. తాతయ్య మాత్రం ఎక్కలేదు. నీళ్ల సీసా చంకన పెట్టుకుని సాలులోనే నిలబడ్డాడు. నేను వెళ్లబోతే జానీబీ మామ్మ నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ఉండు.”

చివరి చెట్టుకు పదిహేను కాయలుంటాయేమో. మామ్మ వంగి, ఒకటి తుంచి బుట్టలో వేసింది. నడుం ఎత్తింది. ఊపిరి పీల్చుకుంది. తాతయ్య తల కొద్దిగా వంచాడు, నలభై ఏళ్లుగా దూరం నుంచి చూసింది ఇప్పుడు దగ్గర నుంచి వినడానికి.

మామ్మ నోరు తెరిచింది.

*వస్తానమ్మా, వస్తానమ్మా...*

మామ్మ కాదు.

రోడ్డు మీద నుంచి. పర్చూరు వైపు పోయే ఆటో ఒకటి, వేరే చేల నుంచి కూలీలను ఎక్కించుకుని వస్తోంది. డ్రైవరు వెనక కట్టిన పెద్ద స్పీకర్లో నాయనమ్మ పాడుతోంది. నున్నగా, అడుగు తడబడకుండా, వయొలిన్లతో. నాన్న పెట్టిన గ్రూపులోంచి ఎవరికి వెళ్లిందో, వాళ్ల దగ్గర నుంచి ఎవరికి వెళ్లిందో.

*కోతా ముగిసేలోగా మళ్లీ వస్తానమ్మా...*

జానీబీ మామ్మ నోరు మూసుకుంది. ఆమె ముఖం దూదిలా తెల్లబోయింది. గట్టు మీద నాన్న తల పట్టుకున్నాడు.

తాతయ్య రోడ్డు వైపు తిరిగాడు. చెట్టు మీద వేసిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. ఆటో వంపు తిరిగి, పాట సన్నబడి, ఆగిపోయేదాకా అటే చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

“అమ్మాయ్ భవ్యా,” అన్నాడు. “నువ్వు రెండు చేశావు. రెండూ ఆమె గొంతే. ఇందులో ఏది మీ నాయనమ్మ? నువ్వే చెప్పాలి.”

చెప్పాలి. కాగితం మీద కాదు. ఆ ఇద్దరి ముందూ నిలబడి, నోటితో.

జవాబు నాకు తెలుసు. అది చెప్పడానికే నిండా ఊపిరి పీల్చాను. కోరు ఘాటుగా లోపలికి పోయింది. మాట రాలేదు. దగ్గు వచ్చింది. ఒకటి, తర్వాత ఇంకొకటి, తెర మీద తెరగా. వంగి మోకాళ్లు పట్టుకున్నాను. ఆగడం లేదు.

కళ్లలో నీళ్ల మధ్య నుంచి తాతయ్య చెయ్యి కనపడింది. ఆయన నా వైపు చూడటం లేదు. చివరి చెట్టు వైపే చూస్తున్నాడు. చెయ్యి మాత్రం దానంతట అదే సీసా మూత తిప్పి, పక్కకు చాపి, నీళ్లు పట్టుకుని ఉంది. ముప్పై ఏళ్లుగా నాయనమ్మకు అందించినట్టే.

మొదటి చినుకు ఆ చేతి మీద పడింది.

చెట్టుకు ఇంకా పద్నాలుగు కాయలున్నాయి.